సన్యాసమ్మ బోధాంకం

ఆయన నా నుదుటికి ఆ పట్టీ చుట్టే సమయానికి పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

"కదలకు వరహాలూ, ఒక్క నిమిషం," అన్నారు మా ఆయన భానోజీరావు. ఆయన మా ఆసుపత్రి కాలేజీలో ఫిజియాలజీ ప్రొఫెసరు. నేను అక్కడే జనరల్ మెడిసిన్ విభాగానికి పెద్దని. ఇంటికొస్తే మాత్రం ఆయన ప్రయోగాలకి దొరికే ఏకైక ప్రాణిని నేనే.

పట్టీ చూడ్డానికి పిల్లలు జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండులా ఉంది. ఆయన చేతిలో చిన్న పలక, దాని మీద ఒక అంకె. ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. కాలేజీలో నీళ్ళు రాలేదని, వాళ్ళ తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడని, ఈసారి వేసవికైనా హాల్లో ఫ్యాను మార్చాలని. అంకె సున్నా దగ్గర బిగుసుకుపోయింది.

"చచ్చిందా ఏమిటి మీ యంత్రం?"

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నేను చెప్పేదేదీ నీకు కొత్త కాదని చెప్తోంది."

"ఆ ముక్క తెలుసుకోడానికి యంత్రం ఎందుకండీ, నన్నడిగితే సరిపోయేది కదా!"

ఆయన నవ్వి, గొంతు తగ్గించారు. "సరే, ఇది విను. ప్రభుత్వం ఈ పట్టీ తీసుకుంటోంది. ఏది బోధనాసుపత్రో, ఏది కాదో ఇకమీదట దీంతోనే తేలుస్తారట."

అంకె గబుక్కున లేచింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "చూశావా! తలలో లేనిది తలలోకి వచ్చిన క్షణాన్ని పట్టుకుంది!" పప్పు మాడిన వాసన నాకు అప్పుడు తగిలింది.

నిజం చెప్పాలంటే నేనూ సంతోషించాను. పాత నిబంధనలు మా ప్రాణాలు తోడేసేవి. బోధనాసుపత్రి హోదా ఉంటే పేద రోగుల వైద్యానికైన ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది. హోదా లేకపోతే రూపాయి రాదు. కొత్తగుమ్మిడి లాంటి చిన్న ఊళ్ళో ఉన్న మా ధర్మాసుపత్రి నడిచేదే ఆ డబ్బుతో. మరి హోదా ఎలా ఇచ్చేవాళ్ళు? మంచాలు లెక్కపెట్టి, ప్రొఫెసర్లని లెక్కపెట్టి. దాంతో కొన్ని కాలేజీలు తనిఖీ రోజున ప్రొఫెసర్లని అద్దెకి తెచ్చుకునేవి. చుట్టుపక్కల ఊళ్ళ జనాన్ని వ్యాన్లలో తోలుకొచ్చి, తలా ఒక బిర్యానీ పొట్లం ఇచ్చి, దుప్పట్లు కప్పి పడుకోబెట్టేవి. తనిఖీ బృందం వెనక్కి తిరగ్గానే రోగులందరూ లేచి చేతులు కడుక్కునేవారు. ఇదంతా చూసి చూసి ఒళ్ళు మండిపోయిన పెద్దలు, మంచాలు కాదు, పిల్లల తలల్లోకి ఏం వెళ్తోందో అదే కొలుద్దాం అన్నారు. అందులో తప్పేముంది?

అలా పుట్టింది బోధాంకం. రోగి మంచం దగ్గర నిలబడ్డ విద్యార్థుల తలల్లో ఎంత కదలిక వస్తే ఆ రోగికి అంత అంకె. అంకె వచ్చిన రోగి ఖర్చు ప్రభుత్వానిది. సున్నా వచ్చిన రోగి ఖర్చు ఆసుపత్రిది. సున్నాలు ఎక్కువైతే హోదాకే ఎసరు.

మొదటి నెల ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రి మొత్తంలో అడుగున ఉన్న వార్డు ఎవరిదనుకున్నారు? నాదే.

నాకో పద్ధతి ఉంది. రేపు ఏ జబ్బు చూడబోతున్నామో ఇవాళే క్లాసులో చెప్పేస్తాను. మళ్ళీ మళ్ళీ అడుగుతాను. తప్పు చెప్పినవాణ్ణి నిలబెట్టి మరీ చెప్పిస్తాను. రోగి ముందు నిలబడి తెల్లమొహం వేసే డాక్టరు నా వార్డులోంచి బయటికి పోకూడదని నా పట్టుదల. అందుకని మర్నాడు మంచం దగ్గరికి వెళ్ళేసరికి మా పిల్లలకి అన్నీ తెలిసే ఉంటాయి. తెలిసినదాన్ని చూస్తే తల కదలదు. సున్నా.

చర్మవ్యాధుల వార్డు ప్రొఫెసరు మాత్రం క్లాసు చెప్పడమే మానేశాడు. అక్కడి పిల్లలకి తామర చూసినా ఆశ్చర్యమే, గజ్జి చూసినా ఆశ్చర్యమే. వాళ్ళ అంకెలు ఆకాశాన్నంటాయి. ఆయనకి ఉత్తమ బోధకుడని శాలువా కప్పారు. ఆ సభలో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సి వచ్చింది నాకు, నా ఖర్మ కొద్దీ.

ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఇదేం కొలతండీ? నేర్పినవాళ్ళకి సున్నా, నేర్పనివాళ్ళకి శాలువానా?"

"పట్టీ అబద్ధం చెప్పదు వరహాలూ. నీ పిల్లలు మంచం దగ్గర నేర్చుకోవట్లేదు. క్లాసులో నేర్చుకుంటున్నారు. నిబంధనలో మంచం దగ్గర అని రాశారు, క్లాసుని లెక్కలోకి తీసుకోలేదు."

"అయితే ఆ ముక్క వాళ్ళకి చెప్పండి!"

"చెప్పాను. సవరణ వస్తుందన్నారు."

సవరణ రావడానికి అదేమైనా సిటీ బస్సా, ఇది పోతే ఇంకోటి అనుకోడానికి!

ఈ గొడవంతా అర్థం కాకపోయినా దాని దెబ్బ ముందు తగిలింది సన్యాసమ్మకి. ఆవిడ సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. చాలా ఏళ్ళుగా షుగరు. కాలి పుండు తిరగబెట్టినప్పుడల్లా మా వార్డుకి వస్తుంది, ఇన్సులిన్ మా దగ్గరే తీసుకుంటుంది. ఒకప్పుడు ఆవిడ మంచం చుట్టూ పిల్లలు మూగేవారు. ఇప్పుడు ఆవిడ దగ్గర అంకె రాదని దూరంగా తిరిగిపోతున్నారు.

"ఏటి డాక్టరమ్మా, పిల్లలు ఇటేపు రావడం మానీసినారు? నా రోగం పాతబడిపోనాదా?"

"నీకేం సన్యాసమ్మా, నిక్షేపంగా ఉన్నావు. అందుకే రావట్లేదు."

"నిచ్చేపంగా ఉంటే ఇక్కడెందుకుంటానమ్మా? మా నూకరత్నం సెప్పింది, నాలాటోలకి సూదిమందు ఆపీసి పంపించీస్తారట గదా. నిజవేనా?"

నూకరత్నం ఆవిడ కూతురు. పక్కనే గిన్నె కడుగుతూ నా మొహం వంక చూస్తోంది. ఎవరూ పంపించరని గట్టిగా చెప్పాను. చెప్పేశాను గానీ, అది నా చేతుల్లో ఉన్న పని కాదు.

మర్నాడే సూపరింటెండెంటు పట్నాయక్ గారు కబురు పెట్టారు. హోదా ఖాయం చేసే పెద్ద తనిఖీ దగ్గర పడింది. ఆయన ముందు కాఫీ చల్లారిపోయి ఉంది.

"మేడమ్, తనిఖీ రోజున మీ వార్డులో కొత్త బ్యాచ్‌ని పెడుతున్నాం. షుగర్ రోగుల దగ్గర. అందాకా ఆ బ్యాచ్‌కి షుగర్ పాఠాలు చెప్పకండి."

నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "చెప్పకండి అంటే?"

"తాజాగా ఉంచండి. ఆ రోజు మంచం దగ్గరే మొదటిసారి చూడాలి వాళ్ళు. అంకె దానంతటదే వస్తుంది. అయ్యాక మీ ఇష్టం, తిట్టి మరీ నేర్పుకోండి."

"బోధనాసుపత్రి అనిపించుకోడానికి బోధన ఆపమంటున్నారు. మీకు వినపడుతోందా సార్ మీరేమంటున్నారో?"

"నాకు వినపడుతోందండీ!" ఆయన కూడా విసిగిపోయి ఉన్నారు. "మిమ్మల్ని అడగటం నాకేమైనా సరదానా? హోదా పోతే ముందు మూతపడేది మీ వార్డే. మీ సన్యాసమ్మ ఉందే, ఆవిడ ఇన్సులిన్ రేపు మీరు కొనిస్తారా? ఆవిడ వెనక ఉన్న వాళ్ళందరికీ కొనిస్తారా? చెప్పండి, ఇప్పుడే ఆపేస్తాను ఇదంతా."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చెప్పను? ఇంతకాలం పాఠం దాటవేయడమంటే నాకు తెలియదు. ఆ రోజు ఒప్పుకున్నాను. కొన్నాళ్ళే కదా, తర్వాత చెప్పేద్దాం అనుకున్నాను. షుగర్ పాఠాలు వదిలేసి ఆస్తమా మొదలుపెట్టాను. హేమసుందర్ అని ఆ బ్యాచ్‌లో చురుకైన కుర్రాడున్నాడు. "మేడమ్, పుస్తకంలో దీని ముందు షుగర్ ఉంది కదా" అన్నాడు. "ముందు చెప్పింది చదువు" అని కసిరాను. షుగర్ పేజీలు తిప్పితే ఊరుకోనని కూడా చెప్పాను. పాఠం చదవొద్దని పిల్లల్ని కసిరిన మాస్టారు ఈ రాష్ట్రంలో నేనొక్కదాన్నేనా, ఇంకా ఎంతమంది ఉన్నారో!

తనిఖీ రోజు వచ్చింది. నిబంధన ప్రకారం ఆ గంటసేపూ మంచం దగ్గర విద్యార్థులు, రోగి తప్ప ఎవరూ ఉండకూడదు. గురువు గానీ నర్సు గానీ పక్కనుంటే చెప్పిస్తారని వాళ్ళ అనుమానం. నర్సులందరినీ కింద హాల్లో కూర్చోబెట్టారు. పట్నాయక్ గారు విద్యార్థులకి మరీ మరీ చెప్పారు, మధ్యలో ఎవరినైనా పిలిచారా, హోదా పోయినట్టే అని. పొద్దున్నే రోగులందరికీ మామూలుగా ఇన్సులిన్ ఇచ్చారు. నాకు చెప్పని సంగతి ఒకటుంది. బృందం వచ్చేసరికి వార్డులో ఎంగిలి పళ్ళేలు కనపడకూడదని ఆఫీసు వాళ్ళు టిఫిన్ బండిని వంటింటి దగ్గరే ఆపేశారు. అంతా అయ్యాక పెట్టొచ్చులే అనుకున్నారు.

మేం సూపరింటెండెంటు గదిలో కూర్చున్నాం. గోడ మీద పెద్ద తెర, దాని మీద మా వార్డు అంకె. రాజధాని నుంచి వచ్చిన అధికారి మెత్తగా మాట్లాడే మనిషి, జీడిపప్పు ఒక్కొక్కటిగా నములుతున్నాడు. పట్టీ కనిపెట్టినాయన కాబట్టి మా ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

మొదట అంకె నెమ్మదిగా పాకింది. పట్నాయక్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. కాసేపటికి అంకె లేచింది. మళ్ళీ లేచింది.

"అబ్బో!" అన్నాడు అధికారి. "మీ జిల్లాలో ఇంత ఎక్కడా చూడలేదే."

"మా మేడమ్ వార్డు సార్," పట్నాయక్ గారి మొహం వెలిగిపోతోంది. ఆయన జన్మలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

అంకె ఆగట్లేదు. గదిలో అందరూ క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు ఉన్నారు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. కాలి పుండు చూసి, నాడి చూసి, నాలుగు ప్రశ్నలు అడిగితే ఇంత ఏం నేర్చుకుంటారు? ఇంత కొత్త సంగతి ఆ వార్డులో ఏముంది? మా ఆయన వైపు తిరిగాను. ఆయన నవ్వట్లేదు. మొహం పాలిపోయింది.

"ఏమండీ, ఇంత అంకె మీ ల్యాబులో ఎప్పుడైనా వచ్చిందా?"

"ఒక్కసారి." ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "మత్తుమందు మోతాదు తప్పి ఒక కుర్రాడి చేతుల్లో కుందేలు చచ్చిపోయింది చూడు, అప్పుడు."

నేను లేచాను. "మేడమ్, గంట పూర్తవలేదు, మీరు వెళ్తే లెక్క రద్దయిపోతుంది!" అని పట్నాయక్ గారు అడ్డమొచ్చారు. ఆయన్ని పక్కకి నెట్టి పరుగెత్తాను. మెట్ల మీద ఒక చెప్పు జారిపోయింది. దాన్ని అక్కడే వదిలేశాను.

సన్యాసమ్మ మంచం చుట్టూ పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు. నుదుళ్ళ మీద పట్టీలు. ఆవిడ ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది, చేతులు కొట్టుకుంటున్నాయి, కళ్ళు పైకి తేలిపోయాయి.

"ఏం చేశార్రా?"

హేమసుందర్ నా వైపు తిరిగాడు. "చెమటలు పడుతున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి అంది మేడమ్. ఏదో పిచ్చిగా మాట్లాడింది. షుగర్ పేషెంట్ కదా, షుగర్ పెరిగిపోయిందనుకుని..."

"అనుకుని?"

"ఇన్సులిన్ ఇచ్చాను మేడమ్. తగ్గకపోతే ఇంకోసారి ఇచ్చాను."

దేవుడా! పొద్దున్నే ఇన్సులిన్ పడి, తిండి పడని మనిషి. ఒంట్లో చక్కెర అడుగంటిపోతుంటే ఉన్న కాస్తా కూడా లాగేశారు. "షుగర్ చూశారా?" అని అరిచాను. ఇన్సులిన్ వార్డు ఫ్రిజ్‌లోనే దొరికింది గానీ, షుగర్ చూసే మిషను నర్సు ట్రేలో ఉంది, ట్రే కింద హాల్లో ఉంది. పిలిస్తే హోదా పోతుందని ఎవరూ పిలవలేదు. పట్నాయక్ గారి మాట అక్షరాలా పాటించారు నా తండ్రులు!

గ్లూకోజు నేనే ఎక్కించాను. నర్సులు పరుగెత్తుకొచ్చారు. కొట్టుకోవడం తగ్గింది. ఊపిరి నిలబడింది. ఎంతోసేపటికి కళ్ళు తెరిచింది. పిలిచాను. గట్టిగా పిలిచాను. ఆ కళ్ళు నన్ను దాటుకుని గోడ వైపు పోయాయి.

ప్రాణం దక్కింది, మనిషి దక్కలేదు. మెదడుకి చక్కెర అందని ఆ కాసేపట్లో పోవాల్సింది పోయింది. ఇప్పుడామె నోట్లో పెడితే మింగుతుంది. నూకరత్నం ఎదురుగా నిలబడి "అమ్మా" అంటే తల తిప్పదు.

ఇంత జరిగాక హోదా పోతుందనుకున్నాను. పోతే పోనీ అనుకున్నాను. అధికారి వార్డుకి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, చాలా బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు, అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత మెత్తగా అన్నాడు, "మీరు గదిలోంచి లేచేటప్పటికే కావలసిన అంకె దాటిపోయింది మేడమ్. రాష్ట్రంలోకెల్లా ఇదే ఎక్కువ. హోదాకి ఇబ్బంది లేదు. ఈమెని శాశ్వత బోధనా రోగిగా చూపిస్తాం. జీవితాంతం మంచం, మందులు, తిండి, అన్నీ ప్రభుత్వమే ఇస్తుంది. నిబంధనల్లో ఆ వీలుంది."

సన్యాసమ్మకి మందులు ఆగిపోకూడదని కదా నేను ఒప్పుకున్నది. ఇక ఆగవు. ఆయన్ని కొట్టాలో, గోడకి తల బాదుకోవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం మా ఆయన ల్యాబులో పట్టీలన్నీ అట్టపెట్టెలో పడేస్తూ కనిపించారు. "వెనక్కి తీసుకుంటాను వరహాలూ. నా పేరు తీసేయమంటాను."

"దాని హక్కులు మీరు వాళ్ళకి రాసిచ్చేశారు. ఇంకో ఫ్యాక్టరీలో చేయించుకుంటారు."

ఆయన పెట్టె పక్కనే నేల మీద కూర్చుండిపోయారు. "అది అబద్ధం చెప్పలేదు," అన్నారు. "ఆ పిల్లాడు నిజంగానే నేర్చుకున్నాడు. అదే నేను కొలిచింది." ఆయన్ని తిట్టాలని నోటి దాకా వచ్చిన మాటలన్నీ మింగేశాను. ఆ మాటలు నాకూ తగులుతాయి మరి.

మర్నాడు పొద్దున వార్డుకి వెళ్ళాను. పిల్లలు వచ్చారు. పట్టీలు పెట్టుకోవద్దని చెప్పాను. హేమసుందర్ అందరి వెనక తల దించుకుని నిలబడ్డాడు. నూకరత్నం తల్లి నోటికి జావ అందిస్తోంది. మమ్మల్ని చూసి చెంచా గిన్నెలో పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"డాక్టరమ్మా, నాకు సదువు లేదు. తెలీక అడుగుతున్నాను. ఈ పిల్లలు సెడ్డోలు కాదు. రేత్రంతా ఆ బాబు ఇక్కడే కూకుని ఏడిసినాడు. మరి మాయమ్మకి ఇలగెందుకయినాది?"

పట్నాయక్ గారు నాకు ముందే చెప్పి ఉంచారు, జబ్బు ముదిరిందని చెప్పమని. కూతురికి అంతకంటే అర్థం కాదని. నూకరత్నం ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆ మాట చెప్పలేదు.

"వాళ్ళకి తెలియదమ్మా. తెలియకుండా మేమే ఉంచాం. నేను చెప్పాల్సిన పాఠం ఒకటుంది. తనిఖీ అయ్యాక చెబుదామని ఆపాను. ఆ ఒక్కటీ చెప్పి ఉంటే మీ అమ్మ ఇవాళ నీతో మాట్లాడేది."

నూకరత్నం తల్లి గడ్డం మీద కారిన జావ కొంగుతో తుడిచింది. పిల్లల్లో ఎవరో ఎక్కిళ్ళు ఆపుకుంటున్నారు.

"అయితే ఇప్పుడు సెప్పండి," అంది. "నా ఎదురుగుండా సెప్పండి. ఆ పాటం ఏటో నానూ ఇంటాను."

హేమసుందర్‌ని ముందుకి రమ్మన్నాను. మంచం పక్కన నిలబడి చెప్పాను.

"ఇన్సులిన్ తీసుకునే మనిషికి ఉన్నట్టుండి చెమటలు పట్టినా, వణుకొచ్చినా, మాట తడబడినా షుగర్ పెరిగిందనుకోకండి. పడిపోయిందనుకోండి. అనుమానమున్నా సరే, ముందు చక్కెర ఇవ్వండి. మింగగలిగితే నోట్లో. లేకపోతే నరంలో గ్లూకోజు. ఆ తర్వాతే మిగతావన్నీ."

పిల్లలు రాసుకోవడం ఆపి తలెత్తారు. నూకరత్నం ఇంకా నా మొహంలోకే చూస్తోంది. నేను ఊపిరి తీసుకోడానికి ఆగానని, ఇంకా చాలా ఉందని అనుకున్నట్టుంది.

"ఇంతేనా అమ్మా?" అంది.

"ఇంతేనమ్మా," అన్నాను.